పని వచ్చినవాళ్ళకి పని రావాలంటే

(రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

ఈ ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని రేడియో పెట్టుకున్నవాళ్ళకీ, పిల్లల్ని తెలుగు బడికి దింపడానికి కారులో వెళ్తూ వింటున్నవాళ్ళకీ ముందుగా ధన్యవాదాలు. అమెరికాలో చిన్న చిన్న ఐటీ కంపెనీలు నడుపుకుంటున్న మనవాళ్ళకి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యక్రమ నిర్వాహకులు అడిగారు. పన్నుల గురించీ, వీసాల గురించీ చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళున్నారు. నేను చెప్పదలచుకున్నది మాట గురించి. అంటే, క్లయింటు ముందు నిలబడి మన పని గురించి చెప్పుకోవడం ఎలాగన్నమాట.

నేను ఐటీ కన్సల్టెంటుని. మాస్టర్స్ చేయడానికి ఈ దేశం వచ్చి, చాలామందిలాగే ప్రోగ్రామరుగా మొదలుపెట్టాను. గత కొన్నేళ్ళుగా నా పని రెండు రకాలు. కొన్నిసార్లు చిన్న కంపెనీలకి ప్రపోజళ్ళు రాసిపెడతాను, ప్రెజెంటేషనుకి తయారుచేస్తాను. మరికొన్నిసార్లు క్లయింటు కంపెనీవాళ్ళు వెండర్లని ఎంచుకునేటప్పుడు సాంకేతిక సలహాదారుగా వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఇలా చెప్పేవాళ్ళనీ, వినేవాళ్ళనీ ఇద్దరినీ దగ్గరగా చూసే అవకాశం వచ్చింది కాబట్టి నాలుగు మాటలు చెప్పే ధైర్యం చేస్తున్నాను.

మొదట డబ్బు సంగతి చెప్పి మొదలుపెడతాను. మనవాళ్ళ కంపెనీల్లో చాలావాటికి క్లయింటుతో నేరుగా కాంట్రాక్టు ఉండదు. క్లయింటుకీ మనకీ మధ్యన ఒక పెద్ద వెండరు, ఆ వెండరుకీ మనకీ మధ్యన ఇంకో ఇద్దరు ఉంటారు. లెక్క కోసం అనుకుందాం, క్లయింటు గంటకి 110 డాలర్లు ఇస్తే, ఒక్కొక్క మెట్టు దిగేసరికి మన దాకా వచ్చేది 70 కావచ్చు. అందులోంచే జీతం, పన్నులు, ఇన్సూరెన్సు. ప్రోజెక్టు అయిపోయి మనిషి బెంచి మీదకి వచ్చినా, హెచ్‌వన్‌బీ మీద ఉన్న ఉద్యోగికి పని లేదన్న కారణంతో జీతం ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఎనిమిది మంది ఉన్న కంపెనీలో ఇద్దరు రెండు నెలలు బెంచి మీద కూర్చుంటే యజమానికి నిద్ర పట్టదు. ఇంటి మీద అప్పు తీసి జీతాలిచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఈ మెట్లు తగ్గించుకోవాలంటే క్లయింటు దగ్గరకి నేరుగా వెళ్ళాలి. వెళితే ఏదో ఒక రోజు ఒక గదిలో ఐదారుగురి ముందు నిలబడి ముప్పావుగంట మాట్లాడాలి. అక్కడ మనకి జావా ఎంత వచ్చో, డేటాబేసు ఎంత వచ్చో ఎవరూ పరీక్ష పెట్టరు.

ఒక సంగతి చెబుతాను. పేర్లు వద్దు. ఒక సరుకు రవాణా కంపెనీ తన గోడౌన్లలో పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెట్టుకోవాలనుకుంది. ముగ్గురు వెండర్లని చివరి వరకూ ఉంచి, ఒక్కొక్కరికి 45 నిమిషాలు ఇచ్చింది. వింటున్నవాళ్ళు ఐదుగురు. ఐటీ మేనేజరు, లెక్కలు చూసే ఆయన, గోడౌన్లు నడిపే ఆవిడ, కొనుగోళ్ళ విభాగం నుంచి ఒకరు, సాంకేతిక సలహాకి నేను. ముగ్గురిలో ఒకటి మన తెలుగువాళ్ళ కంపెనీ. సాంకేతికంగా వాళ్ళ పరిష్కారమే మేలైనది, నేను వేసిన మార్కుల్లో వాళ్ళదే మొదటి స్థానం కూడా. కానీ మొత్తం వంద మార్కుల్లో సాంకేతికానికి ఉన్నవి 40 మాత్రమే. మిగతా 60 ధరకీ, అనుభవానికీ, అమలు చేసే పద్ధతికీ.

మనవాళ్ళు 41 స్లైడ్లు తెచ్చారు. మొదటి పావుగంట కంపెనీ చరిత్ర, ఎప్పుడు పెట్టారు, హైదరాబాదులో ఆఫీసు, విశాఖపట్నంలో ఆఫీసు, ఆ ఆఫీసు ఫోటో, ఎంతమంది ఉద్యోగులు, ఏయే టెక్నాలజీలు వచ్చో వాటి బొమ్మలన్నీ ఒకే స్లైడులో. గోడౌన్ల మాట వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అప్పుడు ఆ గోడౌన్లు నడిపే ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "సోమవారం పొద్దున ఆరింటికి ట్రక్కులు వచ్చి నిలబడ్డాయి, మీ కొత్త సిస్టం పనిచెయ్యలేదు, నా మనుషులు ఏం చెయ్యాలి?" అని. దానికి మనవాళ్ళ జవాబు, తమ ఆర్కిటెక్చరు చాలా గట్టిదనీ, అలాంటి సమస్య రాదనీ. ఆవిడ ఇంకేం అడగలేదు, కాగితం మీద ఏదో రాసుకుంది.

మూడో వెండరు సాంకేతికంగా అంతంతమాత్రం. కానీ వాళ్ళ మొదటి కాగితం మీదే శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం వరకూ గంట గంటకీ ఏం జరుగుతుందో, ఏది చెడితే పాత సిస్టానికి ఎలా వెనక్కి వెళ్ళాలో, అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేది ఎవరో రాసి ఉంది. కాంట్రాక్టు వాళ్ళకి వెళ్ళింది. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, వివక్ష చూపలేదు. ఆవిడ భయానికి ఒకరు జవాబిచ్చారు, ఒకరు ఇవ్వలేదు, అంతే.

మరి మనవాళ్ళు ఎందుకలా చేస్తారు? తెలివి తక్కువై కాదు. నా ఉద్దేశంలో దీనికి ఒక కారణం మన భాషలోనే ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. "నిన్న సాయంత్రం సర్వరు ఆగిపోవడం వల్ల, బ్యాకప్పు కూడా సరిగ్గా లేకపోవడంతో, మీరడిగిన రిపోర్టు ఈ రోజు ఇవ్వ..." అని ఇంతవరకూ వచ్చినా ఇస్తున్నామో ఇవ్వలేమో ఇంకా తెలియదు. వినే తెలుగువాడు ఓపిగ్గా చివరిదాకా ఆగుతాడు, అతనికి అది అలవాటు. మనం ఇంగ్లీషులో మాట్లాడినా ఆ వరుసే వస్తుంది. ముందు నేపథ్యం, తరవాత కారణాలు, తరవాత కష్టాలు, చివర్న అసలు విషయం. పైగా పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు దబ్బున విషయం చెప్పెయ్యడం మర్యాద కాదని మనకి నేర్పారు. అమెరికన్ క్లయింటుకి ఇది పూర్తిగా తలకిందులు. అతనికి ముందు ఫలితం కావాలి, "రిపోర్టు ఇవాళ రాదు, రేపు పదింటికి వస్తుంది" అని. కారణం ఆ తరవాత, అదీ తను అడిగితే. మనం నేపథ్యం చెబుతున్నంతసేపూ, ఏదో దాస్తున్నాం అని అతని మనసులో అనుమానం పెరుగుతూ ఉంటుంది.

అందుకని నేను పనిచేసే కంపెనీలకి ఒక అలవాటు చేయిస్తాను. ప్రెజెంటేషను మొత్తం తయారయ్యాక ఆఖరి స్లైడు తీసి మొదట పెట్టమంటాను. "మీ గోడౌన్లు ఒక్క పూట కూడా ఆగకుండా ఈ మార్పు నాలుగు నెలల్లో చేస్తాం, ఇంత ఖర్చవుతుంది" అన్నది మొదటి నిమిషంలో చెప్పెయ్యాలి. మిగతా 44 నిమిషాలు అది ఎలా సాధ్యమో చెప్పుకోవచ్చు. కంపెనీ చరిత్ర, ఆఫీసు ఫోటోలు ప్రపోజలు వెనకాల అనుబంధంగా పెట్టుకోవచ్చు, కావలసినవాళ్ళు చదువుకుంటారు.

రెండో కారణం తెలుగువాళ్ళదే కాదు, అన్ని దేశాల ఇంజనీర్లదీనూ. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆవిడ తన పీహెచ్‌డీ కోసం ఒక తమాషా ప్రయోగం చేసింది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని అందరికీ తెలిసిన పాట మనసులో అనుకుని బల్ల మీద వేళ్ళతో దరువు వెయ్యమంది. రెండోవాళ్ళు ఆ దరువు విని పాట ఏమిటో చెప్పాలి. దరువు వేసినవాళ్ళని ముందే అడిగితే, సగం సార్లైనా గుర్తుపడతారని చెప్పారు. తీరా 120 పాటలకి గుర్తుపట్టినవి మూడు. దరువు వేసేవాడికి మనసులో పాట మొత్తం వినిపిస్తూ ఉంటుంది. వినేవాడికి వినపడేది టకటకలే. మనం "లోడ్ బ్యాలెన్సరు, ఫెయిలోవరు, ఎస్సెల్యే" అని చెబుతున్నప్పుడు గోడౌను ఆవిడకి వినపడినవి ఆ టకటకలే.

దీనికి నా దగ్గర ఉన్న మందు చాలా చవకైనది. ఇండియాలో ఉన్న అమ్మకి ఫోను చేసి మీ ప్రపోజలు తెలుగులో చెప్పండి. నిజంగా చెబుతున్నాను, నవ్వకండి. "గోడౌనులో ఏ సరుకు ఏ అరలో ఉందో, ఏది ఎప్పుడు వెళ్ళాలో చూపించే కంప్యూటరు లెక్కమ్మా, ఇప్పుడున్నది ముసలిదైపోయింది, పని ఆగకుండా కొత్తది పెట్టాలి" అని చెప్పగలిగితే మీకు విషయం తెలిసినట్టే. అమ్మలు అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా "మరి పెట్టేటప్పుడు పాడైతే?" అని ఉంటుంది. క్లయింటు అడగబోయేదీ అదే.

స్లైడ్ల సంగతికొద్దాం. పవర్‌పాయింటు 1987లో మొదట మాకింటాష్ కంప్యూటరు మీద వచ్చింది, అదే ఏడాది మైక్రోసాఫ్టు దాన్ని తయారుచేసిన కంపెనీని కొనుక్కుంది. అప్పటి నుంచీ దాన్ని తిట్టనివాడు లేడు, వాడనివాడూ లేడు. స్లైడు మీద ముఖ్యమైన సంగతిని అడుగున, చిన్న అక్షరాల్లో పెడితే ఏమవుతుందో చెప్పడానికి మనందరినీ బాధపెట్టిన ఒక ఉదాహరణ ఉంది. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరిన 82 సెకన్లకి, ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ ఎంత ప్రమాదమో లెక్కకట్టి నాసా అధికారులకి స్లైడ్ల మీద చూపించారు. ఒక స్లైడుకి పెట్టిన శీర్షిక చదివితే ఫరవాలేదన్న భావం కలుగుతుంది. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో, అసలు విషయం ఉంది. అంతకుముందు పరీక్షించిన ముక్క 3 ఘనపు అంగుళాలదైతే, రెక్కకి తగిలిన ముక్క సుమారు 1920 ఘనపు అంగుళాలదని. అంటే 640 రెట్లు! పరీక్ష ఫలితాలు ఈ దెబ్బకి వర్తించవన్నమాట. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు.

ప్రమాదానికి కారణం స్లైడు అని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ దర్యాప్తు సంఘం తన నివేదికలో ప్రత్యేకంగా ఈ స్లైడు గురించి రాసింది, పై అధికారి ఎవరైనా అది చదివి ప్రాణాపాయం ఉందని గుర్తించకపోవడం ఆశ్చర్యం కాదని. ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆచార్యుడు ఆ స్లైడుని పంక్తి పంక్తీ విప్పి చూపించాడు. 2004లో అమెజాను అధిపతి జెఫ్ బెజోస్ తన ముఖ్య అధికారుల సమావేశాల్లో పవర్‌పాయింటు వద్దన్నాడు. దాని బదులు వాక్యాల్లో రాసిన ఆరు పేజీల పత్రం తెచ్చి, సమావేశం మొదట్లో అందరూ మౌనంగా చదవాలి. మనం క్లయింటు దగ్గర అలా చెయ్యలేం. స్లైడు శీర్షికని మాత్రం పూర్తి వాక్యంగా రాయగలం. "అమలు ప్రణాళిక" అన్నది శీర్షిక కాదు, అది అట్టపెట్టె మీద అంటించిన చీటీ. "పాత సిస్టం ఆరు వారాల పాటు పక్కనే నడుస్తూ ఉంటుంది" అన్నది శీర్షిక. శీర్షికలు మాత్రమే వరసగా చదివితే కథ మొత్తం తెలియాలి. తెలియకపోతే స్లైడ్లు ఇంకా తయారుకానట్టే.

ఇక ఉచ్చారణ. ఈ విషయంలో మనవాళ్ళకి అనవసరమైన సిగ్గు చాలా ఉంది. యాసని మార్చుకోవడానికి డబ్బు పోసి క్లాసులకి వెళ్ళినవాళ్ళని చూశాను. యాస అడ్డం కాదండీ. ఈ దేశంలో స్కాటులాండు యాస, రష్యా యాస, టెక్సాసు యాస అన్నీ కాంట్రాక్టులు తెచ్చుకుంటూనే ఉన్నాయి. అడ్డమయ్యేవి రెండే, వేగం, ఊనిక. తెలుగులో ఊనిక మారితే మాట మారదు, ఇంగ్లీషులో మారుతుంది. "డెవలప్‌మెంట్" అన్న మాటలో మనం మొదటి అక్షరం నొక్కుతాం, అమెరికన్లు రెండోది నొక్కుతారు. "కాంపోనెంట్" కూడా అంతే. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" తేడా అయితే ఏకంగా డబ్బుల మీదకే వస్తుంది. ధర చెప్పేటప్పుడు "వన్ ఫైవ్" అని అంకెలు విడిగా కూడా చెప్పండి. మీ రంగంలో రోజూ వాడే ఓ ఇరవై మాటలకి ఊనిక సరిచేసుకుని, వేగం కొంచెం తగ్గిస్తే చాలు, తక్కినది మీ సొంత గొంతుతోనే మాట్లాడండి.

అంతకంటే ప్రమాదకరమైనవి అవును కాదులు. క్లయింటు "మా పాత స్కానర్లతో మీరింకా టెస్టు చెయ్యలేదు కదా?" అని ఇంగ్లీషులో అడిగాడనుకోండి. మన మనసులో తెలుగు జవాబు "ఆఁ, చెయ్యలేదు". నోట్లోంచి వచ్చేది "యస్". టెస్టు చేసేశారని అతను రాసుకుంటాడు. ఆర్నెల్ల తరవాత స్కానరు పనిచెయ్యకపోతే, మీరు అబద్ధం చెప్పారని అంటాడు. ఇటువంటి ప్రశ్నకి ఒక్క మాటలో జవాబివ్వకండి, "నో, వుయ్ హావ్ నాట్ టెస్టెడ్ ఇట్" అని పూర్తి వాక్యం చెప్పండి. అలాగే ఫోనులో వింటూ "యా, యా, యా" అంటుంటాం. మనకది ఊఁకొట్టడం. కథ చెప్పే అమ్మమ్మకి ఊఁకొట్టినట్టు. అతనికి అది ఒప్పుకోలు. ధర తగ్గించమని అతను చెబుతున్నంతసేపూ మీరు ఊఁకొట్టారో, ధర తగ్గిపోయినట్టే! ఇంకొకటి, "ఐ హావ్ ఎ డౌట్" అంటే మన అర్థం "ఒక ప్రశ్న ఉంది" అని. అతని చెవికి "మీ మాట మీద నాకు నమ్మకం లేదు" అన్నట్టు ఉంటుంది. "క్వశ్చన్" అంటే గొడవ లేదు.

కళ్ళలోకి చూడడం, చేతులు ఊపడం, టై రంగు వీటి గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. నేను పెద్దగా పట్టించుకోను. మాటలకి విలువ ఏడు శాతమే, మిగతా 93 శాతం గొంతూ, ముఖమూ అని ఎవరైనా ట్రైనింగులో చెబితే నమ్మకండి. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల మీద కట్టిన కథ. ఆ ప్రయోగాలు విడి మాటల్లో ఇష్టం, అయిష్టం ఎలా తెలుస్తాయో చూడడానికి చేసినవి. అన్ని రకాల సంభాషణలకీ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. ఏడు శాతమే నిజమైతే మనం తెలుగులో ప్రెజెంటేషను ఇచ్చి కాంట్రాక్టు తెచ్చుకోవచ్చు కదా.

ఎంతమంది వెళ్ళాలి, ఎవరేం మాట్లాడాలి అన్న విషయంలో మన ఊళ్ళ బుర్రకథని మించిన పాఠం నాకు ఏ బిజినెస్ స్కూల్లోనూ కనబడలేదు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి పేరు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బుర్రకథలో మధ్యన కథకుడు, రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వంతలు తందాన అనడానికే ఉన్నారనుకుంటే పొరపాటు. వెనక వరసలో కూర్చున్న రైతుకి వచ్చే సందేహాన్ని వంత ముందే అడిగేస్తాడు, "అదేమిటి, అలా ఎలా కుదురుతుంది?" అని. కథకుడు జవాబు చెబుతాడు. రైతుకి తన ప్రశ్నే ఎవరో అడిగినట్టు ఉంటుంది.

మన కంపెనీ జట్లలో జరిగేది దీనికి వ్యతిరేకం. ముగ్గురు వెళతారు, ముగ్గురూ కథకులే. లేదా యజమాని ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. డేటా ప్రశ్న వస్తుంది, జవాబు ఆ పక్కన కూర్చున్న అమ్మాయికి తెలుసు. కానీ సారుగారు ఉండగా తను మాట్లాడితే బాగుండదని ఊరుకుంటుంది. సారుగారు ఏదో చెబుతారు, అది తప్పు. అవతలివాళ్ళకి ఆ అమ్మాయి ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. రేపు ఈ కంపెనీలో ఇబ్బంది వస్తే కిందవాళ్ళు పైవాళ్ళకి చెప్పరు అన్నది వాళ్ళు తీసుకుపోయే అభిప్రాయం. కాబట్టి ఏ రకం ప్రశ్నకి ఎవరు జవాబివ్వాలో ముందే పంచుకోండి. "ఈ విషయం రోజూ చూసేది ఆవిడే, ఆవిడే చెబుతారు" అని యజమాని అంటే అతని గౌరవం తగ్గదు, పెరుగుతుంది. ఇంకొకరికి వంత పని అప్పజెప్పండి. "గోడౌనులో పనిచేసేవాళ్ళు ఇక్కడ ఒకటి అడుగుతారు, సోమవారం పొద్దున ఏమవుతుందని" అంటూ మీ మనిషే అడిగితే, ఆ గోడౌను ఆవిడ అడగాల్సిన అవసరం రాదు.

ప్రశ్నల సమయానికి మాత్రం అష్టావధానం గుర్తు తెచ్చుకుంటాను. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అడ్డం తగలడం. అవధాని ఆయన మీద కోప్పడడు, ఆయన్ని వదిలెయ్యడు, ఆయనతోనే ఉండిపోడు కూడా. ఒక చురక, ఒక నవ్వు, వెంటనే పద్యంలో ఆగిన పాదం దగ్గరకి వచ్చేస్తాడు. ప్రతి క్లయింటు గదిలోనూ ఇలాంటి ఆయన ఒకరుంటారు. మీ స్లైడులో అక్షర దోషం చూపిస్తారు, సంబంధం లేని పాత ప్రోజెక్టు గురించి అడుగుతారు. పది నిమిషాలు ఆయనకిచ్చేస్తే అసలు విషయానికి సమయం ఉండదు. రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబు చెప్పి, "ఇందాక ఆరు వారాల దగ్గర ఆగాం" అని తిరిగి రండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పండి. "తెలియదు, గురువారం మధ్యాహ్నంలోగా రాసి పంపుతాం" అనండి, బుధవారమే పంపండి. నేను వినేవాళ్ళ వైపు కూర్చున్న చోటల్లా, అన్నీ తెలుసన్నవాడి కంటే ఇలా అన్నవాడికే మార్కులు ఎక్కువ పడడం చూశాను.

ఇదంతా సాధన ఎక్కడ చెయ్యాలి అంటారా? టోస్ట్‌మాస్టర్స్ గురించి వినే ఉంటారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో, ఆఫీసుల్లో క్లబ్బులున్నాయి. రాసుకొచ్చిన ఉపన్యాసాల కంటే, అక్కడికక్కడ ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే భాగం మనకి ఎక్కువ ఉపయోగం. ఎన్నిసార్లు "ఆఁ, అమ్" అన్నామో లెక్కపెట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెడతారు. మనవాళ్ళకైతే "బేసికల్లీ", "యాక్చువల్లీ" లెక్కపెట్టడానికి ఇంకొకరు కావాలి. సమయానికి కొంత పోయే అలవాటు కూడా అక్కడ వస్తుంది, ఎర్ర దీపం వెలిగాక ఆపాల్సిందే. క్లబ్బుకి వెళ్ళే తీరిక లేకపోతే ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి వినడం కష్టంగానే ఉంటుంది.

ప్రపోజళ్ళు రాయడంలో సాయం కావాలంటే ఉచితంగా దొరికేవి ఉన్నాయి. 1964 నుంచి ఉన్న స్కోర్ అనే సంస్థలో రిటైరైన వ్యాపారస్తులు సలహాలిస్తారు. వాళ్ళ ముందు ఒకసారి ప్రెజెంటేషను ఇచ్చి చూడండి, మన తెలుగు మిత్రులు మొహమాటానికి చెప్పనివి వాళ్ళు చెబుతారు. ప్రభుత్వ కాంట్రాక్టులకైతే ఎపెక్స్ యాక్సిలరేటర్స్ అని ఉన్నాయి, పాత పేరు పీటాక్.

జూమ్‌లో, టీమ్స్‌లో ఇచ్చే ప్రెజెంటేషన్లు 2020 తరవాత బాగా పెరిగాయి. వాటి గురించి ఒక్క మాటే. స్క్రీను మీద ముఖాలు చిన్నవి, ఓపిక ఇంకా చిన్నది. ఐదు నిమిషాలకోసారి ఆగి, పేరు పెట్టి ఎవరినైనా ఏదైనా అడగండి, లేకపోతే వాళ్ళు ఈమెయిళ్ళు చూసుకుంటూ ఉంటారు.

చివరగా, మనవాళ్ళు దాదాపుగా ఎవరూ చెయ్యని పని ఒకటి. కాంట్రాక్టు రానప్పుడు ఎందుకు రాలేదో అడగడం. అడగడం చిన్నతనం అనుకుంటాం, "మనది కాదులే" అని వదిలేస్తాం. ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో, పోటీ ప్రపోజళ్ళ మీద ఎంపిక జరిగినప్పుడు, ఇది మీ హక్కు. ఫలితం తెలిసిన మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా అడిగితే, మీ ప్రపోజలులో లోటు ఏమిటో వాళ్ళు వివరించాలి. మూడు రోజులు దాటితే ఆ హక్కు పోతుంది కాబట్టి, బాధపడడం నాలుగో రోజుకి వాయిదా వేసుకుని ముందు ఉత్తరం రాయండి. రాష్ట్రాలకీ, కౌంటీలకీ వాటి వాటి నియమాలున్నాయి. ప్రైవేటు కంపెనీలకి చెప్పాల్సిన బాధ్యత లేదు. అయినా చాలామంది చెబుతారు, గొడవ పెట్టుకోవడానికి కాదని నమ్మకం కలిగితే.

ఒక మిత్రుడి కంపెనీ ఆరుగురిది. ఒక ఆస్పత్రి పని కోసం వెళ్ళి, రాలేదని తెలిసిన రోజు ఆయన నాకు ఫోను చేసి, ఇక ఈ నేరు క్లయింట్ల గొడవ మనకొద్దు, మళ్ళీ మధ్యవర్తుల దగ్గరకే పోతానన్నాడు. ఇద్దరం కూర్చుని మూడు వాక్యాల ఉత్తరం రాశాం. ఎంపికైనవారికి అభినందనలు, మేము నేర్చుకోవడానికి ఇరవై నిమిషాలు మాట్లాడగలరా, నిర్ణయం మార్చమని అడగడానికి కాదు, అని. వాళ్ళు ఫోను చేశారు. ధర బాగుంది, పని తెలుసు, కానీ పని పూర్తయ్యాక మాతో ఎవరుంటారో అర్థం కాలేదు, వచ్చిన ముగ్గురిలో ఎవరు ఉంటారని అడిగితే "మా టీము ఉంటుంది" అన్నారు, అని చెప్పారు. ఆ ఒక్క మాటతో ఆయన తరవాతి ప్రపోజలులో ఒక పేజీ మారింది. పేరు, ఫోను నంబరు, ఏ వారం దాకా ఎన్ని గంటలు ఉంటారో. ఏడు నెలల తరవాత ఆ ఆస్పత్రివాళ్ళే పిలిచి, పాత రికార్డులు శుభ్రం చేసే పదకొండు వారాల పని ఇచ్చారు. పెద్ద పని కాదు. మధ్యలో ఎవరూ లేరు, అంతే.

స్టూడియోలో వాళ్ళు గడియారం చూపిస్తున్నారు. ఇద్దరు ముగ్గురు శ్రోతలు లైన్లో ఉన్నారట. ధర గురించి బేరమాడడం ఎలా అని ఒకాయన అడుగుతున్నారని చీటీ ఇచ్చారు. సరే, ముందు ఆయన్నే కలపండి.